కొసరు పుస్తకంపై ఫిర్యాదు రాయు విధానం

ఏళ్ళ తరబడి అసలు పుస్తకం కోసం కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తున్న పాఠకుడి చేతిలో ప్రచురణకర్త ఒక సన్నటి పుస్తకం పెడతాడు. అందులో కథ అంగుళం కదలదు. నాయకుడు కనబడడు. అట్ట మాత్రం గట్టిది. పెద్దమనుషులు దీన్ని అనుబంధ గ్రంథం అంటారు, మనం కొసరు అందాం. కొసరు మీద కోపగించుకోవడం పాఠకుడి జన్మహక్కు, అందులో రెండో మాట లేదు. బాధ కలిగించే సంగతల్లా ఒక్కటే: ఆ కోపాన్ని రాతలో పెట్టేటప్పుడు మనవాళ్ళు చూపిస్తున్న అశ్రద్ధ. తూకం వెయ్యరు, లెక్క కట్టరు, ముందుమాట చదవరు. "టైము వేస్టు, డబ్బు దండగ" అని నాలుగు మాటలు గిలికి ఐదింట్లో ఒక్క చుక్క రేటింగు పడేసి వెళ్ళిపోతారు. ఫిర్యాదు ఒక శాస్త్రం. దానికీ కొలతలున్నాయి.

నమూనాగా ఒక కేసు తీసుకుందాం. ఇంతకంటే నిక్కమైన కేసు దొరకదు. పాట్రిక్ రాత్‌ఫస్ అనే అమెరికన్ రచయిత కింగ్‌కిల్లర్ క్రానికల్ అనే ఫాంటసీ వరుస మొదలుపెట్టాడు. క్వోత్ అనే కథానాయకుడు సత్రంలో కూర్చుని, తన జీవితమంతా మూడు రోజుల్లో చెప్పేస్తానని ఒక లేఖకుడికి మాటిస్తాడు. రోజుకో పుస్తకం. మొదటి రోజు 2007లో వచ్చింది. రెండో రోజు 2011లో, వెయ్యికి ఓ ఆరేడు పేజీలు తక్కువగా. మూడో రోజు ఇంకా తెల్లవారలేదు. ఆ పుస్తకంలో ఒక్క అక్షరం కూడా తాను చూడలేదని 2020లో స్వయంగా ఆయన ప్రచురణకర్తే బహిరంగంగా రాశారు. ఈ రెండో రోజుకీ రాని మూడో రోజుకీ నడుమ, 2014 అక్టోబరు 28న, గట్టిగా నూట అరవై పేజీలుండే ఒక కొసరు దిగింది. పేరు ది స్లో రిగార్డ్ ఆఫ్ సైలెంట్ థింగ్స్.

అందులో ఉన్నది ఇదీ. క్వోత్ చదివే విశ్వవిద్యాలయం కింద పాడుబడ్డ సొరంగాల్లో ఆరీ అనే అమ్మాయి ఒంటరిగా బతుకుతూ ఉంటుంది. ఏడో రోజున ఒకతను తనను చూడ్డానికి వస్తాడు. ఆ ఏడు రోజులూ ఆమె ఏం చేసిందన్నదే పుస్తకం. వచ్చేవాడి పేరు కూడా చెప్పరు. ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. ఆమె నీళ్ళలో మునిగి పన్ను ఊడిన ఇత్తడి పళ్ళచక్రం ఒకటి పైకి తెస్తుంది. దాన్ని ఎక్కడ పెడితే దానికి నెమ్మదిగా ఉంటుందో వెతుకుతూ గదులన్నీ తిరుగుతుంది. మొహం, చేతులు, పాదాలు కడుక్కుంటుంది. కాసేపాగి మళ్ళీ కడుక్కుంటుంది. ఒక అధ్యాయం మొత్తం కలిపి ఒకే ఒక్క వాక్యం: మూడో రోజున ఆరీ ఏడ్చిందని. మూడో రోజు కోసం మూడేళ్ళుగా ఏడుస్తున్న పాఠకలోకం దీన్ని తమ మీద విసురుగానే తీసుకుంది. తప్పు పట్టలేం.

అయితే అసలు నేరం కథలో లేదు, ముందుమాటలో ఉంది. మీరు ఈ పుస్తకం కొనకపోవడమే మంచిదేమో అని రచయిత మొదటే చెప్పేశాడు. నా మిగతా పుస్తకాలు చదవకపోతే దీనితో మొదలుపెట్టకండి, క్వోత్ కథ ముందుకు నడుస్తుందని ఆశపడితే ఇందులో అది లేదు, ఇదో వింత కథ, కథన్నది చెయ్యాల్సిన పనులు ఇది చెయ్యదు అని వరసగా ఒప్పుకున్నాడు. ఎంత దుర్మార్గమో చూడండి. పాఠకుడు కడుపు మండి రాసుకోవాల్సిన ఫిర్యాదంతా, పుస్తకం అమ్ముడుపోకముందే, రచయితే రాసేసి అచ్చేసి లోపల కుట్టించేశాడు. ఇక మనకి మిగిలిందేమిటి? "కథ లేదు" అంటే "చెప్పాను కదా" అంటాడు. "క్వోత్ ఏడీ" అంటే "చెప్పాను కదా" అంటాడు. పాఠకుడి నోటి దగ్గరి కూడు లాక్కోవడం అంటే ఇదే.

దీనికి విరుగుడు లేకపోలేదు. ఈ-పుస్తకం మొదటిసారి తెరిచినప్పుడు అది తరచుగా అట్ట దగ్గర తెరుచుకోదు. "ఇక్కణ్ణుంచి చదవాలి" అని ప్రచురణకర్త గుర్తు పెట్టిన చోట తెరుచుకుంటుంది, ఆ గుర్తు చాలాసార్లు మొదటి అధ్యాయం మీదే ఉంటుంది. అంకితం, విషయసూచిక, ముందుమాట వెనకే ఉండిపోతాయి, పనిగట్టుకుని వెనక్కి తిప్పితే తప్ప కనబడవు. కాబట్టి "హెచ్చరిక నా కంటపడలేదు" అన్న వాదన ఈ-పుస్తకం కొన్నవారికి చక్కగా పనికొస్తుంది. అచ్చు పుస్తకం కొన్నవారికి ఈ సదుపాయం లేదు. వారు "ముందుమాటలు చదివే అలవాటు లేదు" అని నిజం చెప్పుకోవాలి.

ఇక తూకం సంగతి. "ఇంత చిన్న పుస్తకానికి అంత ధరా" అన్నది ఫిర్యాదుల్లో కెల్లా పాతది, గౌరవప్రదమైనది. కానీ దీన్ని పేజీలు లెక్కపెట్టి రాయడం పరమ బద్ధకం. పేజీ ఒక కొలత కాదు, ప్రచురణకర్త దాన్ని తనకు కావలసినట్టు సాగదీస్తాడు. మాటలు లెక్కపెట్టాలి. పద్ధతి చెబుతాను. సంభాషణ లేని నిండు పేజీ ఒకటి తీసుకోండి (ఈ పుస్తకంలో వెతుక్కునే పని లేదు). పది వరసల్లో మాటలు లెక్కపెట్టి పదితో భాగించండి. వచ్చినదాన్ని పేజీలోని వరసల సంఖ్యతో గుణించండి. ఇప్పుడు పుస్తకం తిరగేస్తూ బొమ్మలున్న పేజీలు, ఖాళీ పేజీలు, పేరు పేజీలు తీసెయ్యండి. అధ్యాయం మొదలయ్యే పేజీ, ముగిసే పేజీ చెరి సగం వెయ్యండి. ఉదాహరణకు వరసకు పది మాటలు, పేజీకి ఇరవై ఏడు వరసలు అనుకుంటే పేజీకి 270. నూట అరవైలో నిండు పేజీలు 115 తేలితే మొత్తం 31,050. చూశారా, ఇప్పుడు మీ కోపానికి ఒక అంకె వచ్చింది. చదివి వినిపించే పుస్తకం కొన్నవారికి లెక్క ఇంకా తేలిక: నిమిషానికి 150 మాటల చొప్పున మూడున్నర గంటల లోపు ముగుస్తుంది. ఈ పుస్తకాన్ని రచయితే చదివాడు కనుక కావాలంటే గొంతు మీద విడిగా ఇంకో ఫిర్యాదు పెట్టుకోవచ్చు.

సాగదీత ఎక్కడ జరిగిందో చూపించగలిగితే ఫిర్యాదుకు నిగ్గు వస్తుంది. చూడాల్సిన చోట్లు కొన్నే. చుట్టూ అంచు ఎంత వదిలారు, వరసకీ వరసకీ మధ్య ఖాళీ ఎంత, అక్షరం పదకొండు పాయింట్లా పన్నెండా. తర్వాత కాగితం. చదరపు మీటరుకు అదే బరువు తూగే కాగితంలోనే ఉబ్బెక్కువ ఉండే రకం ఒకటి ఉంటుంది, అది వాడితే సన్నటి పుస్తకానికి కూడా వెన్ను లావెక్కుతుంది. ఇది కేవలం మోసానికే అనుకోకండి. వెన్ను సన్నగా ఉంటే దాని మీద పేరు పట్టదు, పేరు పట్టకపోతే షాపు అరలో ఆ పుస్తకం ఉన్నట్టే తెలియదు. నేట్ టేలర్ గీసిన నలుపు తెలుపు బొమ్మలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి గానీ, వాటిని మెత్తగా వదిలెయ్యమని సలహా. బాగున్నాయి.

చివరి ఖాళీ కాగితాల గురించి మాత్రం దయచేసి ఫిర్యాదు రాయకండి, పరువు పోతుంది. పెద్ద షీటు మీద రెండు వైపులా అచ్చేసి మడిచి కుడితే పదహారు పేజీల కట్ట ఒకటి అవుతుంది. పుస్తకమంటే అలాంటి కట్టల వరస. సరుకు 151 పేజీలకు తేలినా పుస్తకం 160కి వెళ్ళాల్సిందే, పదహారు పదులు. మిగిలిన తొమ్మిదింటిలో పాత పుస్తకాల ప్రకటనలు వేస్తారు, లేదా ఖాళీగా వదుల్తారు.

తూకం తర్వాత కాలం. "ఇది రాసే బదులు మూడోది రాయొచ్చు కదా" అన్నది ప్రతి కొసరు కిందా కనబడే శాశ్వత శాసనం. దీన్నీ అంకెల్లో పెట్టి చూద్దాం, ఎందుకంటే అంకెల్లో పెట్టేదాకా ఇది చాలా గట్టి వాదనలా కనిపిస్తుంది. ఈ వరసలో రెండో పుస్తకం దగ్గర దగ్గర నాలుగు లక్షల మాటలు. కొసరు ముప్పై వేల పైచిలుకు. అంటే పదమూడో వంతు. రచయిత ఆరీని సొరంగాల్లోనే వదిలేసి ఆ ముప్పై వేల మాటల శ్రమనూ మూడో పుస్తకానికి బదిలీ చేసి ఉంటే, మనకు దాంట్లో మొదటి డెబ్బై ఆరు పేజీలు వచ్చేవి. సరిగ్గా సత్రం తలుపు తీసేసరికి ఆగిపోయేది. ఆ డెబ్బై ఆరు పేజీల మీద ఫిర్యాదు ఎలా ఉండేదో ఊహించుకుంటే రచయిత సొరంగంలోకి పోవడమే ఒక విధంగా ప్రజాసేవ.

పైగా దీన్ని పుస్తకంగా వెయ్యాలని ఎవరూ ముహూర్తం పెట్టుకోలేదు. జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్, గార్డనర్ డోజువా కలిసి 2014లో తెచ్చిన రోగ్స్ అనే కథా సంకలనం కోసం మొదలైన కథ ఇది. మోసగాళ్ళ కథల సంకలనంలోకి, ఇత్తడి చక్రానికి మనసు బాగాలేదని దిగులుపడే అమ్మాయి ఎలా పట్టేదో దేవుడికెరుక. రాస్తూ రాస్తూ సంకలనంలో ఇమడనంత పెరిగింది. సంకలనానికి ఇదే లోకంలోంచి ఇంకో కథ రాసిచ్చి, దీన్ని విడిగా వేశారు. మూడో పుస్తకానికి కేటాయించిన పొద్దులు ఇందులో కలిసిపోయాయని రుజువు చెయ్యాలనుకునేవారు ముందు ఈ సంకలనం సంగతి దాటుకుని రావాలి.

ఇప్పుడు సబ్బు. పుస్తకంలో ఆరీ సబ్బు చేసుకుంటుంది. ఎనిమిది పేజీలు. ఆ లెక్క శత్రువులు వేసింది కాదు, చివరిమాటలో రచయితే దర్జాగా చెప్పుకున్నాడు. అప్పట్నుంచి "ఎనిమిది పేజీల సబ్బు" అన్నది ఈ పుస్తకం మీద రాసే ప్రతి ఫిర్యాదుకూ పల్లవి అయింది. మా అభ్యంతరం ఏమిటంటే, ఎనిమిది పేజీలు చాలవు. సబ్బు గురించి రవ్వంత తెలిసినవారెవరైనా రచయిత పరుగులు పెట్టించాడనే అంటారు.

ఎందుకంటే పాతకాలం పద్ధతి సబ్బుకు ముందు క్షారం కావాలి. గట్టి కలప కాల్చిన తెల్లటి బూడిద మీద వాననీళ్ళు పోసి, చుక్క చుక్క కింద పట్టుకోవాలి. వచ్చిన నీళ్ళు చిక్కగా ఉన్నాయో లేదో చూడ్డానికి పచ్చి కోడిగుడ్డు వేస్తారు. మునిగిపోతే పలచన, మళ్ళీ బూడిదలో పొయ్యాలి. రూపాయి బిళ్ళంత పైకి తేలితే సరిపోయింది. గుడ్డు పక్కకు ఒరిగి సగం బయటకొస్తే ఘాటు మరీ ఎక్కువ, నీళ్ళు కలపాలి. అప్పుడు కొవ్వు కరిగించి, వడగట్టి, ఇందులో పోసి గంటల తరబడి కాచాలి. ఇంతా చేస్తే వచ్చేది బిళ్ళ కాదు, ముద్ద. బూడిదలో ఉండేది పొటాషియం క్షారం కనుక సబ్బు గట్టిపడదు. బిళ్ళ కావాలంటే ఉప్పు వేసి విడదీసుకోవాలి.

ఇంత ఓపిక లేనివారికి షాపులో కాస్టిక్ సోడా దొరుకుతుంది. కిలో పశువుల కొవ్వుకు సుమారు 140 గ్రాములు పడుతుంది, చర్మానికి మెత్తగా ఉండాలంటే ఐదు శాతం తగ్గించి 133 వేస్తారు. నీళ్ళు దానికి రెండింతల నుంచి రెండున్నర రెట్లు. అదే కిలో కొబ్బరినూనెకైతే 183 పడుతుంది, తగ్గించి వేసినా 174. ఈ 183 చూసి పశువుల కొవ్వులో వేస్తే నలభై గ్రాముల పైచిలుకు క్షారం దేనితోనూ కలవక అలాగే మిగులుతుంది, ఆ సబ్బు రుద్దుకున్నవాడు ఒక చుక్క కూడా ఇవ్వడు. సోడాను నీళ్ళలో వెయ్యాలి గానీ సోడా మీద నీళ్ళు పొయ్యకూడదు, కుతకుతలాడి మొహం మీదికి చిమ్ముతుంది. అల్యూమినియం గిన్నె అసలు వాడకూడదు, క్షారం దాన్ని తినేసి హైడ్రోజన్ వదుల్తుంది. కలుపుతూ కలుపుతూ, గరిటె ఎత్తినప్పుడు జారిన ధార పైన గీతలా నిలిచే దాకా ఆగి అచ్చులో పొయ్యాలి. ఒకటి రెండు రోజులకు కోసి, నాలుగు నుంచి ఆరు వారాలు గాలికి ఆరబెట్టాలి.

ఇదంతా ఎనిమిది పేజీల్లో! "ఏమీ జరగలేదు" అని రాసినవారు ఒకసారి ఆలోచించుకోవాలి. వెయ్యి పేజీల రెండో పుస్తకంలో బూడిద, కొవ్వు కలిసి ఇంకోటిగా మారినంత మార్పు ఎన్ని పాత్రల్లో వచ్చిందో వేళ్ళ మీద లెక్కపెట్టుకోవచ్చు. నిజానికి పుస్తకం చక్కగా నడిచిన చోటు ఇదే. ఒక వరస ఉంది, తప్పితే చెడిపోతుందన్న భయం ఉంది, చివరికి చేతిలోకి ఒక వస్తువు వస్తుంది. బరువెక్కేది ఇంకోచోట. సీసా అలిగింది, చక్రం గర్వపడింది, దుప్పటి నొచ్చుకుంది అన్న ధోరణి మొదటి ఇరవై పేజీలు ముచ్చటగా ఉంటుంది, అరవయ్యో పేజీకి వస్తువులన్నిటికీ ఒక్కో సైకాలజిస్టును పెట్టాలనిపిస్తుంది. గదుల పేర్లు ఒక్కదానికీ వివరం ఉండదు, మాంటిల్ ఏదో టంబ్రిల్ ఏదో మనమే పటం గీసుకోవాలి. ఫిర్యాదు రాయదలిస్తే ఇక్కడ రాయొచ్చు. కానీ ఇక్కడ ఎవరూ రాయరు. ఇక్కడిదాకా చదివి ఉండాలి కదా.

చుక్కల సంగతికి వద్దాం. పాఠకులు పుస్తకాలకు చుక్కలు, సమీక్షలు పెట్టే గుడ్‌రీడ్స్ అనే వెబ్‌సైటులో ఐదు చుక్కలకూ ఐదు అర్థాలు రాసిపెట్టి ఉన్నాయి. ఒకటంటే నచ్చలేదు, రెండంటే పర్లేదు, మూడంటే నచ్చింది, నాలుగంటే చాలా నచ్చింది, ఐదంటే అద్భుతం. అంటే నచ్చలేదని చెప్పడానికి అక్కడున్నది ఒకే ఒక్క చుక్క. రెండు చుక్కలేసి కింద ఆరు పేరాలు తిట్టినవాడు, ఆ పట్టిక ప్రకారం, పుస్తకం పర్లేదన్నట్టు లెక్క. సగటు అక్కడ మామూలు సగటే, అన్నీ కూడి భాగిస్తారు. అమెజాన్‌లో అలా కాదు. చుక్క ఎప్పుడు పడింది, కొన్నవాడు వేశాడా కొననివాడు వేశాడా వగైరా చూసి యంత్రం బరువులు కడుతుంది. అందుకని ఒకే కోపాన్ని రెండు చోట్లా ఒకేలా చూపించకూడదు. ఇంకో వెసులుబాటు కూడా ఉంది. గుడ్‌రీడ్స్‌లో పుస్తకం పేరు నమోదైతే చాలు, అది పుట్టకపోయినా చుక్కలెయ్యొచ్చు. ఈ వరసలో రాని మూడో పుస్తకానికి చుక్కలు ఎప్పుడో పడ్డాయి, సమీక్షలు కూడా ఉన్నాయి. అందులో ఐదు చుక్కలవీ ఉన్నాయి, ఒక చుక్కవీ ఉన్నాయి. చదవకుండా మెచ్చుకున్నవారు చదవకుండా తిట్టినవారితో వాదించుకుంటూ ఉంటారు. సాహిత్య విమర్శ ఇంతకంటే స్వచ్ఛంగా ఉండడం కష్టం.

ఫిర్యాదుదారుల గురించే చెప్పి ఊరుకుంటే పక్షపాతం అవుతుంది. అవతలి పక్షం తక్కువ తినలేదు. చివరిమాటలో రచయిత, ఈ కథ లోకంలో కొంచెం విరిగిపోయినట్టున్న మనుషుల కోసమని రాశాడు. మంచి మాటే. చదివి ఊరట పొందినవారు నిజంగానే చాలామంది ఉన్నారు. వస్తువు అంగుళం పక్కకు జరిగితే నిద్రపట్టనివారు, నలుగురిలోకి వెళ్ళాలంటే గుండె దడ పుట్టేవారు, తమలాంటి మనిషిని మొదటిసారి పుస్తకంలో చూశామన్నారు. ఆ స్పందన మీద వెక్కిరింపు లేదు. చిక్కు ఆ తర్వాత వచ్చినవారితో. వారి చేతిలో ఆ వాక్యం అర్హత పరీక్ష అయిపోయింది. మీకు నచ్చలేదా? అయితే మీరు తగినంత విరగలేదు. సబ్బు దగ్గర విసుగొచ్చిందా? పాపం, మీ బాల్యం సుఖంగా గడిచినట్టుంది. ఇలా పుస్తకం నచ్చడం ఒక గాయానికి ధ్రువపత్రంగా మారింది. ఫిర్యాదుదారు కనీసం పుస్తకాన్నే తిడతాడు. వీరు పాఠకుణ్ణి పరీక్షించి ఫెయిల్ చేస్తారు.

మూడో తెగ పరిశోధకులు. వీరికి పుస్తకం బాగుందా లేదా అన్న గొడవే లేదు. ఆరీ ఎవరు, రాజకుమార్తా, ఒకప్పటి విద్యార్థినా, వస్తువుల స్వభావాన్నే మార్చగల విద్య ఏదైనా ఉందా? మొహం, చేతులు, పాదాలు ఎన్నిసార్లు కడుక్కుందో లెక్కపెట్టినవారు వీరిలోనే ఉంటారు. కొసరును ఆధారాల మూటగా చదవడం వీరి వృత్తి. దాంట్లో ఒక ఇబ్బంది ఉంది. మూడో పుస్తకం వస్తేగాని ఏ ఆధారమూ రుజువు కాదు, ఏదీ తప్పని తేలదు. అందుకే ఈ మూడు తెగల్లో ప్రశాంతంగా ఉన్నది వీరే. నిజం చెప్పాలంటే ఆ పుస్తకం వస్తే అందరికన్నా ఎక్కువ నష్టపోయేదీ వీరే.

అన్ని కొసర్ల మీదా ఫిర్యాదు చెల్లదని కూడా తెలుసుకోవాలి. లార్డ్ ఆఫ్ ది రింగ్స్ రాసిన టోల్కీన్‌కు 1961లో ఆయన పిన్ని జేన్ నీవ్ ఉత్తరం రాసింది. ఆయన సృష్టించిన టామ్ బాంబడిల్ అనే పాత్ర మధ్యలో ఉండే చిన్న పుస్తకం ఒకటి వేస్తే, మాలాంటి ముసలివాళ్ళు క్రిస్మస్ కానుకలకు కొనుక్కోగలిగే ధరలో ఉంటుంది కదా అని. మరుసటి ఏడు పాలిన్ బేన్స్ బొమ్మలతో ఆ చిన్న పుస్తకం వచ్చింది. పదహారు పద్యాలు, అందులో బాంబడిల్ గురించినవి రెండే. తలుచుకుంటే లెక్క అడగొచ్చు, పదహారింట్లో పద్నాలుగు ఏమయ్యాయని. కానీ పిన్ని అడిగిందని వేసిన పుస్తకం మీద ఏ మొహం పెట్టుకుని చుక్కలు తగ్గిస్తాం? సన్నగా, చవగ్గా ఉండాలన్నదే అక్కడ కొన్నవారి కోరిక. ధర్మానికి వేసినవాటి మీద అసలు నోరెత్తకూడదు. హ్యారీ పాటర్ వరసలో 2001లో వచ్చిన రెండు చిన్న పుస్తకాలూ కామిక్ రిలీఫ్ అనే సేవాసంస్థ కోసం వేసినవి, 2008 నాటి కథల పుస్తకం కూడా పిల్లల సహాయ సంస్థ కోసమే. ఈ కథల పుస్తకాన్ని రచయిత్రి మొదట చేత్తో ఏడు ప్రతులు రాస్తే, అందులో ఒకదాన్ని 2007 వేలంలో అమెజాన్ 19 లక్షల 50 వేల పౌండ్లకు కొంది. పేజీకి ఇంతా అని వాపోయేవారు ఆ లెక్క ఒకసారి వేసుకుంటే తాము పెట్టింది పల్లీల ఖర్చుగా తోస్తుంది.

ఇంకో చిత్రం. 2014 అక్టోబరు 28నే మరో కొసరు కూడా విడుదలైంది. పైన చెప్పిన సంకలన సంపాదకుల్లో ఒకరైన మార్టిన్, గేమ్ ఆఫ్ థ్రోన్స్‌గా టీవీకెక్కిన తన సింహాసనాల వరసకు, ఇద్దరు సహరచయితలతో కలిసి వేసిన ది వరల్డ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్. 2011 తర్వాత అసలు కథ కోసం కూర్చున్న రెండు వరసల పాఠకులకూ ఒకే రోజు రెండు పొట్లాలు అందాయి. ఒకటి సన్నటిది, ఇంకోటి బొమ్మలతో ఒళ్ళో పెట్టుకుంటే తొడలు నొప్పెట్టేంతది. రెండో దాంట్లోకి పక్క పెట్టెల్లో వెయ్యడానికని మార్టిన్ రాసింది అనుకున్నదానికి ఎన్నో రెట్లు పెరిగిపోయి, 2018లో ఇంకో లావుపాటి పుస్తకానికి దారితీసింది. కొసరుకు కొసరు. అసలు మాత్రం రెండు ఇళ్ళలోనూ ఇంకా పొయ్యి మీదే ఉంది. లావుపాటి కొసరు వచ్చినప్పుడు "ఇంత చిన్నదా" అన్న ఫిర్యాదు చెల్లదు కనుక, "ఇంత రాసే ఓపిక ఉన్నవాడికి అది రాసే ఓపిక లేదా" అన్న రెండో నమూనా వాడాలి.

2023 నవంబరులో రాత్‌ఫస్ రెండో కొసరు వచ్చింది. తొమ్మిదేళ్ళ కిందట రోగ్స్ సంకలనానికి రాసిచ్చిన కథ ఉంది చూశారా, దాన్నే తిరగరాసి, పెంచి, నేట్ టేలర్‌తోనే బొమ్మలు వేయించి, గట్టి అట్టలో పెట్టారు. పాత కథ కొత్త ధరకు అన్న ఫిర్యాదు ఇక్కడ రెడీగా ఉంది, కానీ అది రాయాలంటే సంకలనంలోని ప్రతినీ కొత్త ప్రతినీ పక్కపక్కన పెట్టి ఏ పేరా కొత్తది, ఏది మార్చినది అని గుర్తులు పెట్టుకోవాలి. సంకలనం ఉన్నవారు కూడా కొత్తది కొనాల్సిందే. అరువు తెచ్చి చదివి రాయొచ్చు గానీ, అమెజాన్‌లో కొన్నవారి సమీక్షకు "వెరిఫైడ్ పర్చేజ్" అని ముద్ర పడుతుంది, ఆ ముద్ర లేని ఫిర్యాదుకు యంత్రం దగ్గర పలుకుబడి తక్కువ. అందువల్ల 2014లో "ఇక ఈయన పుస్తకం చచ్చినా కొనను" అని రాసినవారు, ఆ మాట పదిమందికీ గట్టిగా వినబడాలంటే, ముందస్తు ఆర్డరు పెట్టి, మొదటి ముద్రణ ప్రతే తెప్పించుకోవలసి వచ్చింది.